పీఎన్‌జీ బొమ్మల వెనక గళ్ళు, నల్ల డబ్బా, అంచుల్లో మసి: తేడా ఎక్కడ కొడుతోంది?

ప్రశ్న: పెళ్లిపిలుపు

అందరికీ నమస్కారం. నేను పెళ్లి పిలుపు వీడియోలు, వాటితో పాటు మండపం దగ్గర కట్టే ఫ్లెక్సీలు చేస్తుంటాను. డిజైన్ ఫోటోషాప్‌లో, వీడియో ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో, పక్క సిస్టమ్‌లో గింప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉంది, తమ్ముడు దాని మీద చేస్తాడు. ఇప్పుడు చేతిలో ఉన్న పని శుక్రవారానికి ఇచ్చేయాలి. వెనక ఏమీ లేకుండా రావాల్సిన పీఎన్‌జీ బొమ్మలు ఒక్కోటి ఒక్కో రకంగా ఏడిపిస్తున్నాయి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

మొదటిది మామిడాకుల తోరణం. నెట్‌లో ఫ్రీ అని ఉంటే దించుకున్నాను. ఫైల్ పీఎన్‌జీయే, ఫోటోషాప్‌లో తెరిస్తే ఆకుల వెనక తెలుపు, బూడిద రంగు గళ్ళు మామూలుగానే కనిపిస్తున్నాయి. తీరా పసుపు బ్యాక్‌గ్రౌండ్ మీదకి లాగితే గళ్ళతో సహా వచ్చి కూర్చుంటోంది.

రెండోది కల్యాణ మండపం వాళ్ల లోగో. పెళ్లివాళ్లు ఫోన్‌లో పంపారు. వాళ్ల దగ్గర వెనక ఏమీ లేదట, నా దగ్గర చుట్టూ నల్ల డబ్బా వస్తోంది. అక్షరాలు ముదురు మెరూన్ కావడంతో సగం ఆ నలుపులోనే కలిసిపోయాయి. ఫైల్ పేరు చివర జేపీజీ అని ఉంది. దాన్ని పీఎన్‌జీ అని మారిస్తే ఫోటోషాప్ అసలు తెరవనే లేదు, ఎర్రర్ ఇచ్చింది.

మూడోది అసలు తలనొప్పి. ఒక ఆర్టిస్టుకి డబ్బులిచ్చి వేయించిన వినాయకుడు, చుట్టూ బంగారు వెలుగు మెత్తగా విరజిమ్మినట్టు ఉంటుంది. ఆయన యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నుంచి పీఎన్‌జీగా రెండర్ చేసి పంపాడు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద బాగానే ఉంది, కాకపోతే వెలుగు కొంచెం పల్చగా ఉంది. అదే లేత గంధం రంగు మీద పెడితే వెలుగంతా మసి పట్టినట్టు కనిపిస్తోంది, తొండం అంచున నల్ల గీత కూడా వస్తోంది.

ఇంకోటి చిన్నది, కలశం. ఫైల్ సైజు తగ్గించే సైట్‌లో పెట్టి తీసుకున్నాక ఫోటోషాప్‌లో ఆ లేయర్‌కి తాళం పడింది, ఫిల్టర్లు ఒక్కటీ పనిచేయడం లేదు.

సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను, గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేశాను, ఏమీ మారలేదు. సిస్టమ్‌లోనే ఏదైనా తేడా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.


జవాబు: రంగులపెట్టె

సిస్టమ్‌ని వదిలేయండి, దానికేం కాలేదు. మీరు చెప్పినవి నాలుగూ చూడ్డానికి ఒకేలా ఉన్నా నాలుగు వేర్వేరు జబ్బులు, ఒకే మందు పనిచేయదు. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ ఫైల్ లోపల పారదర్శకత నిజంగా ఉందా, లేదా? లోపల లేకపోతే ఏ సెట్టింగ్ మార్చినా రాదు. ఉంటే మాత్రం పోయిందేమీ లేదు, సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పుగా చదువుతోందంతే, సరిచేసుకోవచ్చు. ఇది తేల్చకుండా సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించుకుంటూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది.

మామూలు రంగుల బొమ్మలో ఒక్కో పిక్సెల్‌కి, అంటే ఒక్కో చుక్కకి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు ఉంటాయి. పారదర్శకత ఉన్న పీఎన్‌జీలో నాలుగో అంకె కూడా ఉంటుంది, అదే ఆల్ఫా. అది 0 అయితే ఆ చుక్క అసలు కనపడదు, 255 అయితే గట్టిగా కనపడుతుంది, మధ్యలో ఉంటే వెనకది కొంత కనిపిస్తూ ఉంటుంది. జేపీజీలో ఈ నాలుగో అంకెకి చోటే లేదు.

ఇక తోరణం సంగతి. ఫోటోషాప్ చూపించే గళ్ళు బొమ్మలో భాగం కాదు, ఇక్కడ ఏమీ లేదు అని చెప్పడానికి వేసే గుర్తు మాత్రమే. మీ తోరణంలో మాత్రం ఎవరో ఆ గళ్ళనే రంగుగా బొమ్మలో కలిపేశారు. ఫ్రీ పీఎన్‌జీ అని పెట్టే సైట్లలో ఇలాంటివి బోలెడు. ఏఐతో బొమ్మలు చేయించుకునేవాళ్లకి కూడా ఇది చాలాసార్లు ఎదురవుతోంది, ట్రాన్స్‌పరెంట్ బ్యాక్‌గ్రౌండ్ కావాలని అడిగితే అది గళ్ళనే గీసి చేతిలో పెడుతుంది. తేల్చుకోవడం సులువు. కింద ఒక కొత్త లేయర్ వేసి ముదురు ఎరుపు నింపండి. గళ్ళు పోయి ఎరుపు కనిపిస్తే నిజమైన పారదర్శకత, గళ్ళు అలాగే ఉంటే అది రంగు. ఇంకో దారి కూడా ఉంది: ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో ట్రాన్స్‌పరెన్సీ అండ్ గాముట్ తెరిచి గళ్ళ రంగు మార్చండి. ఫోటోషాప్ వేసిన గళ్ళయితే వెంటనే రంగు మారతాయి, బొమ్మలో ఉన్నవి మారవు.

బొమ్మలో కలిసిన గళ్ళని మ్యాజిక్ వాండ్‌తో తీయొచ్చని చాలామంది చెబుతారు, నేను మాత్రం వద్దంటాను. ఆకు అంచు దగ్గర ఆకుపచ్చ ఒకచోట తెలుపుతో, పక్కనే బూడిదతో కలిసి ఉంటుంది. తెలుపూ బూడిదా తీసేసినా ఆ కలిసిన చుక్కలు మిగిలిపోతాయి, తర్వాత పసుపు మీద పెడితే ఆకు చుట్టూ గళ్ళ నీడ అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటుంది. పెన్ టూల్‌తో ఆకు అంచుకి ఒక పిక్సెల్ లోపలి నుంచి కత్తిరించుకోండి. తోరణంలో ఆకులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి రెండు మూడు ఆకులు శుభ్రంగా తీసి వాటినే వరసగా పేర్చుకుంటే సరిపోతుంది.

లోగో. పేరు చివర అక్షరాలు మార్చితే ఫైల్ మారదు, లోపల ఉన్నది జేపీజీయే. ఫోటోషాప్ పేరు చూసి పీఎన్‌జీ అనుకుని చదవబోయింది, లోపల వేరేది ఉండేసరికి ఎర్రర్ ఇచ్చింది. మరి నలుపు ఎక్కడి నుంచి వచ్చింది? పూర్తిగా కనపడని చుక్కకి కూడా రంగు అంకెలు ఉంటాయి, ఎక్కువగా అవి 0, 0, 0, అంటే నలుపు. ఆల్ఫా ఉన్నంతసేపు ఆ నలుపు ఎవరికీ కనపడదు. జేపీజీగా మార్చేటప్పుడు ఆల్ఫాని వదిలేస్తే అదే బయటపడుతుంది. వాట్సాప్ లాంటి వాటిలో ఫోటోగా పంపితే బొమ్మ జేపీజీగా మారి వెళుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. కాబట్టి ఆ ఫైల్ మీద కష్టపడకండి, మండపం వాళ్లకే ఫోన్ చేసి డాక్యుమెంట్‌గా పంపమనండి. వాళ్ల బోర్డు చేసిన డిజైనర్ దగ్గర కోరల్‌డ్రా ఫైలో పీడీఎఫ్ ఫైలో ఉంటే ఇంకా మేలు, వెక్టర్‌గా, అంటే చుక్కలు కాకుండా గీతల లెక్కగా దొరుకుతుంది, ఫ్లెక్సీకి ఎంత పెద్దది చేసినా చెదరదు.

ఏ ఫైల్ మీదైనా అనుమానం వస్తే లోపలికి చూడొచ్చు. ఒక కాపీ తీసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి, సేవ్ మాత్రం కొట్టకండి. మొదట్లోనే పిచ్చి గుర్తుల మధ్య ఇంగ్లీషు అక్షరాల్లో పీఎన్‌జీ అని ఉంటే అది నిజంగా పీఎన్‌జీ. జేఎఫ్ఐఎఫ్ అనో ఎక్సిఫ్ అనో కనిపిస్తే జేపీజీ. ఆర్ఐఎఫ్ఎఫ్ అని మొదలై కొంచెం తర్వాత వెబ్‌పీ అని ఉంటే వెబ్‌పీ అనే ఇంకో రకం బొమ్మ ఫైల్. ఫైల్లోని బైట్లని అంకెలుగా చూపించే హెక్స్ ఎడిటర్ ఉంటే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. పీఎన్‌జీలో 26వ బైట్ చూడండి, అది బొమ్మ రకం చెబుతుంది. 6 ఉంటే రంగులతో పాటు ఆల్ఫా ఉన్నట్టు. 4 ఉంటే నలుపు తెలుపు బొమ్మ, దానికి ఆల్ఫా ఉన్నట్టు. 2 అంటే రంగులు మాత్రమే. 3 అంటే ప్యాలెట్, అంటే రంగుల పట్టికతో నడిచేది, మహా అయితే 256 రంగులు. 2, 3 రకాల్లో కూడా టీఆర్ఎన్ఎస్ అనే చిన్న ముక్కలో పారదర్శకత దాచి ఉండొచ్చు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. మీ తోరణం ఫైల్లో అక్కడ 2 ఉంటుందని నా అంచనా, కలశంలో 3.

కలశం అందుకే అలా ఉంది. సైజు తగ్గించే సైట్లు సాధారణంగా రంగుల్ని 256కి కుదించి ప్యాలెట్ పీఎన్‌జీ ఇస్తాయి. ఫోటోషాప్ దాన్ని ఇండెక్స్‌డ్ కలర్‌గా తెరుస్తుంది, ఆ మోడ్‌లో కొత్త లేయర్ వేయనివ్వదు, ఫిల్టర్లు పనిచేయనివ్వదు. ఇమేజ్ మెనూలో మోడ్, అందులో ఆర్‌జీబీ కలర్ నొక్కండి, తాళం పోతుంది. కానీ పోయిన రంగులు తిరిగి రావు. కలశం మీద ఇత్తడి మెరుపు మెట్లు మెట్లుగా కనిపిస్తుంటే కుదించక ముందు ఫైల్ తీసి వాడండి. ఎడిట్ చేసే ఫైల్‌ని ఎప్పుడూ కుదించకూడదు, అది వెబ్‌లో పెట్టే ఆఖరి కాపీకి చేయాల్సిన పని.

వినాయకుడి విషయం వేరు. దానికి వీడియో పని తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.


పెళ్లిపిలుపు

చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఎరుపు లేయర్ పరీక్ష చేశాను. తోరణం గళ్ళు అలాగే ఉన్నాయి, మీరన్నట్టు 26వ బైట్‌లో 2 ఉంది. కలశంలో 3, ఆర్‌జీబీలోకి మార్చగానే పని చేయనిచ్చింది. మండపం వాళ్లకి ఫోన్ చేశాను, వాళ్ల బోర్డు చేసినాయన పీడీఎఫ్ పంపుతానన్నాడు. వినాయకుడిలో మాత్రం 6 ఉంది, అంటే ఆల్ఫా ఉన్నట్టే కదా, మరి అంచు ఎందుకు నల్లబడుతోంది? 800 శాతం జూమ్ చేసి చూస్తే గట్టిగా ఉన్న భాగంలో రంగు సరిగానే ఉంది, ఎక్కడైతే సగం సగం కనిపించాలో అక్కడే నలుపు తిరుగుతోంది.


జవాబు: కోనసీమ ఎడిటర్

తమ్ముడూ, నువ్వు చూసిన ఆ చివరి మాటలోనే జవాబుంది. సగం పారదర్శకంగా ఉన్న చోట మాత్రమే నలుపు తిరిగితే అది దాదాపు ప్రతిసారీ ప్రీమల్టిప్లైడ్ ఆల్ఫా గొడవే.

ఆల్ఫాతో పాటు రంగుని ఫైల్లో రాయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి స్ట్రెయిట్. రంగు అసలు ఎంత ఉందో అంతే రాస్తారు, ఆల్ఫా పక్కన విడిగా ఉంటుంది. రెండోది ప్రీమల్టిప్లైడ్. రంగుని ముందే ఆల్ఫాతో హెచ్చవేసి రాస్తారు, అంటే నలుపు మీద పెట్టి చూస్తే ఎలా ఉంటుందో అలా. 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేసే థామస్ పోర్టర్, టామ్ డఫ్ రాసిన పేపర్ ఈ రెండో పద్ధతి మీదే నడుస్తుంది, బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పెట్టే లెక్క దాంతో తేలికవుతుంది కాబట్టి సినిమా గ్రాఫిక్స్‌లో ఇప్పటికీ అదే ఎక్కువ. కానీ పీఎన్‌జీ రూల్ వేరు. 1996లో వచ్చిన మొదటి స్పెసిఫికేషన్ నుంచే అందులో రంగు స్ట్రెయిట్‌గానే ఉండాలి. ఫోటోషాప్ అయినా బ్రౌజర్ అయినా పీఎన్‌జీని స్ట్రెయిట్ అనుకునే చదువుతాయి. నీ ఆర్టిస్టు సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రీమల్టిప్లైడ్‌గా రాసేసింది.

అంకెల్లో చూపిస్తా, అప్పుడు ఎక్కడ తేడా వస్తోందో కళ్ళకి కడుతుంది. వెలుగులో ఒక చుక్క తీసుకో. దాని ఎరుపు అంకె 200, ఆల్ఫా సగం. స్ట్రెయిట్‌గా అయితే ఫైల్లో 200 ఉంటుంది. తెలుపు మీద పెడితే 200లో సగం 100, తెలుపు 255లో సగం 127.5, మొత్తం దాదాపు 228. అదే రావాల్సిన రంగు. ప్రీమల్టిప్లైడ్‌గా రాస్తే ఫైల్లో ముందే సగం చేసిన 100 ఉంటుంది. దాన్ని స్ట్రెయిట్ అనుకుని చదివిన సాఫ్ట్‌వేర్ మళ్ళీ సగం చేస్తుంది, 50 అవుతుంది, దానికి 127.5 కలిపితే 178 దగ్గర ఆగుతుంది. 228 రావాల్సిన చోట 178. ఆ లోటే నీకు మసిలా కనిపిస్తోంది. నలుపు మీద పెట్టినప్పుడు 100 రావాల్సింది 50 వస్తుంది, మసి కనపడదు కానీ వెలుగు పల్చబడుతుంది. నువ్వు రాసిన లక్షణాలు రెండూ దీనికి సరిగ్గా సరిపోయాయి.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఫోటోషాప్‌లో ఆ లేయర్ ఎంచుకుని, లేయర్ మెనూలో బాగా కిందకి వెళితే మ్యాటింగ్ అని ఉంటుంది, అందులో రిమూవ్ బ్లాక్ మ్యాట్ నొక్కు. ముందే సగం చేసిన రంగుని అది వెనక్కి లెక్క కట్టి అసలు రంగు తెస్తుంది. అదే మెనూలో డీఫ్రింజ్ కూడా కనిపిస్తుంది, దాని జోలికి పోవద్దు. అది కత్తిరించిన ఫోటోల్లో ఒకటి రెండు పిక్సెళ్ల అంచుకి పనికొస్తుంది, ఇంత వెడల్పు వెలుగు మీద వాడితే బొమ్మ పాడవుతుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నుంచి తీసిన బొమ్మకి తెల్లటి అంచు వస్తుంటే రిమూవ్ వైట్ మ్యాట్ వాడతాం. ఈ రెండూ తాళం ఉన్న బ్యాక్‌గ్రౌండ్ లేయర్ మీద పనిచేయవు, పారదర్శకత ఉన్న లేయర్ కావాలి.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఫైల్‌ని మార్చే పని కూడా లేదు. ప్రాజెక్ట్ ప్యానెల్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్, మెయిన్ తెరువు. ఆల్ఫా దగ్గర ఇగ్నోర్, స్ట్రెయిట్, ప్రీమల్టిప్లైడ్ అని మూడు ఉంటాయి. ప్రీమల్టిప్లైడ్ పెట్టి పక్కన రంగు నలుపు ఉంచు. గెస్ అనే బటన్ ఉంది, మామూలుగా బాగానే కనిపెడుతుంది కానీ ఇలాంటి మెత్తటి వెలుగుల దగ్గర కళ్ళతో చూసి నిర్ణయించుకోవడమే మంచిది. డావిన్చీ రిజాల్వ్ వాడేవాళ్లకి క్లిప్ అట్రిబ్యూట్స్‌లో ఆల్ఫా మోడ్ అని ఇదే ఉంటుంది. ఒకటి జాగ్రత్త: ఫోటోషాప్‌లో బ్లాక్ మ్యాట్ తీసేసి సేవ్ చేసిన కాపీని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెచ్చుకుంటే దాన్ని స్ట్రెయిట్ అనే పెట్టాలి. రెండు చోట్లా సరిచేస్తే ఈసారి అంచు తెల్లగా మండిపోతుంది.

అన్నిటికంటే మంచిది ఆర్టిస్టునే మళ్ళీ రెండర్ అడగడం. ఆయన వాడేది కూడా ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అయితే అవుట్‌పుట్ మాడ్యూల్‌లో కలర్ దగ్గర ప్రీమల్టిప్లైడ్ బదులు స్ట్రెయిట్ అన్‌మ్యాటెడ్ పెడితే చాలు. ఎందుకు అడగమంటున్నానంటే వెలుగు బాగా పల్చబడిన చివర్లలో ఆల్ఫా 5, 6 దాకా పడిపోయి ఉంటుంది, అక్కడ ప్రీమల్టిప్లైడ్‌గా రాసిన రంగుకి మిగిలేవి నాలుగైదు మెట్లే, వెనక్కి లెక్క కట్టినా పూర్తి రంగు రాదు, చారలు కనిపిస్తాయి. రంగుకి ఇంకా ఎక్కువ మెట్లుండే 16 బిట్ పీఎన్‌జీ ఇమ్మంటే ఆ బాధ కూడా ఉండదు.


జవాబు: గింప్ వాడతాను

పక్క సిస్టమ్‌లో గింప్ ఉందన్నారు కాబట్టి మీ తమ్ముడి కోసం రెండు ముక్కలు. లేయర్స్ డైలాగ్‌లో లేయర్ పేరు లావు అక్షరాల్లో కనిపిస్తే ఆ లేయర్‌కి ఆల్ఫా లేదని అర్థం. అప్పుడు ఎరేజర్‌తో తుడిచినా పారదర్శకం కాదు, బ్యాక్‌గ్రౌండ్ రంగు పడుతుంది. చాలామంది ఎరేజర్ పాడైందని అనుకునేది ఇక్కడే. లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ, అందులో యాడ్ ఆల్ఫా ఛానెల్ నొక్కాక తుడిస్తే సరిగ్గా పోతుంది.

ఇంకోటి, మెత్తటి అంచులున్న బొమ్మని గింప్‌లో ఇండెక్స్‌డ్ మోడ్‌లోకి మార్చకండి. ఆ మోడ్‌లో గింప్‌కి తెలిసినవి రెండే, పూర్తిగా కనపడటం, పూర్తిగా కనపడకపోవడం. వినాయకుడి చుట్టూ వెలుగంతా రంపపు పళ్ళలా తెగిపోతుంది. పీఎన్‌జీ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కనపడని పిక్సెళ్ల రంగు విలువల్ని సేవ్ చేయమనే ఆప్షన్ ఉంటుంది. సైజు మార్చే పని ముందుముందు ఉంటే అది టిక్ చేసుకోవడం మంచిది. కొన్ని ప్రోగ్రామ్‌లు సైజు తగ్గించేటప్పుడు ఆల్ఫాని లెక్కలోకి తీసుకోకుండా పక్కపక్క చుక్కల రంగులు సగటు కడతాయి. పక్కన దాగిన చుక్క నలుపైతే ఆ నలుపు అంచులోకి జారుతుంది, దాగిన చోట కూడా బంగారు రంగే ఉంటే ఏ గీతా రాదు.


జవాబు: ఫ్లెక్సీ ప్రింటింగ్

వీడియో సంగతి అన్నలు చెప్పారు, ఫ్లెక్సీ గురించి నేను చెబుతా, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో గొడవ మొత్తం ఇక్కడే జరుగుతుంది. స్క్రీన్ మీద అంతా బాగుండి ప్రింట్‌లో బొమ్మ చుట్టూ లేత రంగు చతురస్రం కనపడటం, నీడ చుట్టూ తెల్ల డబ్బా రావడం. పీఎన్‌జీలో సీఎంవైకే (ప్రింటింగ్‌లో వాడే నాలుగు ఇంకుల రంగుల పద్ధతి) ఉండదు, రంగుల బొమ్మైతే ఆర్‌జీబీ మాత్రమే. ఆర్‌జీబీ పారదర్శక బొమ్మని సీఎంవైకే పేజీ మీద పెట్టి అలాగే పీడీఎఫ్ చేస్తే, పారదర్శకత ఎక్కడ కలుస్తుందో ఆ పెట్టె వరకు రంగు ఒకలా, బయట ఒకలా మారుతుంది. పీడీఎఫ్‌లో కూడా పారదర్శకత 1.4 వెర్షన్ నుంచే ఉంది. పాత 1.3 గానీ, ప్రింటింగ్‌కి వాడే ఎక్స్-1ఏ రకం గానీ ఎంచుకుంటే సాఫ్ట్‌వేర్ బొమ్మని ముక్కలు ముక్కలుగా కోసి పరిచేస్తుంది, ఆ కోసిన గీతలే కొన్నిసార్లు ప్రింట్‌లో పడతాయి. పీడీఎఫ్ తప్పనిసరైతే ఎక్స్-4 ఇవ్వండి, ముందు ప్రింటర్‌ని అడిగి.

నా మాట వింటే పీడీఎఫ్ కూడా వద్దు. ఫ్లెక్సీ ఎలాగూ నాలుగు మూలల గుడ్డ, దాని వెనక కనపడాల్సింది ఏమీ లేదు, ఆఖరి ఫైల్లో పారదర్శకతకి పనే లేదు. ఫోటోషాప్‌లో పని చేసే పీఎస్‌డీ దాచిపెట్టుకుని, ఒక కాపీలో లేయర్లన్నీ ఒకటిగా కలిపి (ఫ్లాటెన్ చేసి), సీఎంవైకేలోకి మార్చి, టిఫ్ ఫైల్‌గా ఇవ్వండి. ఫ్లాటెన్ చేశాకే మార్చాలి, లేయర్లు విడిగా ఉండగా మోడ్ మార్చితే స్క్రీన్, ఓవర్‌లే లాంటి, లేయర్లని కలిపే పద్ధతుల (బ్లెండ్ మోడ్‌ల) లెక్క మారిపోయి వెలుగు రంగు వేరేగా వస్తుంది. మీ వినాయకుడి వెలుగు అందులోనే దెబ్బతింటుంది.

పెళ్లివాళ్లు టీషర్టులు కూడా అడుగుతుంటారు కదా, అక్కడ మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. డీటీఎఫ్‌లో, అంటే ఫిల్మ్ మీద అచ్చేసి బట్టకి అతికించే పద్ధతిలో, రంగు కింద తెల్ల ఇంకు పొర పడాలి. సగం పారదర్శకంగా ఉన్న వెలుగుకి కింద తెలుపు ఎంత వేయాలో మిషన్‌కి సరిగా కుదరదు, ముదురు బట్ట మీద వెలుగు బదులు తెల్లటి మచ్చలా అచ్చవుతుంది. టీషర్టుకైతే వెలుగు తీసేసి అంచు గట్టిగా ఉన్న కాపీ ఒకటి వేరే చేసుకోండి, లేదంటే వెలుగుని చుక్కల హాఫ్‌టోన్‌గా మార్చండి.


పెళ్లిపిలుపు

అందరికీ పేరుపేరునా థాంక్స్. అన్నా, రిమూవ్ బ్లాక్ మ్యాట్ నొక్కగానే గంధం రంగు మీద మసి మొత్తం పోయింది, తొండం అంచు కూడా శుభ్రంగా ఉంది. వెలుగు చివర్లలో మీరన్న చారలు కొంచెం ఉన్నాయి, అందుకే ఆర్టిస్టుకి స్ట్రెయిట్, 16 బిట్ అని మెసేజ్ పెట్టాను, రేపు ఉదయానికల్లా ఇస్తానన్నాడు. తోరణం ఆకులు పెన్ టూల్‌తో తీసి పేర్చడం మొదలుపెట్టాను, ఇదే మేలనిపిస్తోంది, నాకు కావాల్సిన వంపు కూడా వస్తోంది.

ఇంకొక్క విషయం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కూడా ప్రీమల్టిప్లైడ్ పెట్టాక మసి పోయింది, కానీ అదే బొమ్మ, అదే బ్యాక్‌గ్రౌండ్, ఫోటోషాప్‌లో కంటే ఇక్కడ వెలుగు లావుగా, ఎక్కువ దూరం పాకినట్టు కనిపిస్తోంది. ఆల్ఫా ఇంకా తప్పుగానే చదువుతోందా?


జవాబు: కోనసీమ ఎడిటర్

లేదు తమ్ముడూ, ఆల్ఫా ఇప్పుడు సరిగానే ఉంది. ఇది రెండు రంగుల్ని కలిపే లెక్కలో తేడా. ఫైల్ మెనూలో ప్రాజెక్ట్ సెట్టింగ్స్ తెరిచి కలర్ ట్యాబ్‌లో చూడు, బ్లెండ్ కలర్స్ యూజింగ్ 1.0 గామా (గామా అంటే ఫైల్లోని అంకెకీ తెర మీద వెలుగుకీ మధ్య లెక్క) అనేదో, వర్కింగ్ స్పేస్‌ని లీనియరైజ్ చేసేదో టిక్ అయి ఉంటుంది. ఫోటోషాప్ మామూలుగా అంకెల్ని అలాగే సగటు కడుతుంది, నలుపు మీద సగం ఆల్ఫాతో తెలుపు పెడితే 128 వస్తుంది. ఆ టిక్ ఉంటే కాంతి లెక్కన కలుపుతుంది, అదే చుక్క 188 అవుతుంది. అందుకే వెలుగు ఉబ్బినట్టు ఉంటుంది. నిజమైన దీపం వెలుగు పాకేది ఈ రెండో లెక్కనే కాబట్టి అది తప్పని అనను, కొన్ని షాట్లలో అదే బాగుంటుంది. కానీ నీ ఫ్లెక్సీ, వీడియో పక్కపక్కన కనపడేవి, రెండూ ఒకేలా ఉండాలంటే ఆ టిక్ తీసేయ్. ప్రీమియర్‌లో చేసేవాళ్లకి సీక్వెన్స్ సెట్టింగ్స్‌లో కంపోజిట్ ఇన్ లీనియర్ కలర్ అని ఇదే ఉంటుంది.

పెళ్లికొడుకు పెళ్లికూతురు పేర్లు తెలుగులో ఫోటోషాప్‌లోనే టైప్ చేసి పీఎన్‌జీగా తెస్తుంటే అక్కడ కూడా ఒకసారి చూసుకో. అక్షరాల అంచుల్ని ఫోటోషాప్ 1.45 గామాతో కలుపుతుంది, కలర్ సెట్టింగ్స్‌లో అది మొదటి నుంచే టిక్ అయి ఉంటుంది. బయటికి తెచ్చి వేరే సాఫ్ట్‌వేర్‌లో పెడితే వత్తులు, గుడులు లాంటి సన్నటి గీతల మందం కాస్త మారినట్టు ఉంటుంది. పేర్లు కనుక ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే టైప్ చేస్తే ఆ బెడద లేదు. కాకపోతే తెలుగు అక్షరాలు విడిపోకుండా రావాలంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర భారతీయ భాషలకి పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి, లేదంటే ఫోటోషాప్‌లో టైప్ చేసి షేప్‌గా మార్చి తెచ్చుకో.

వీడియో బయటికి తీసేటప్పుడు వినాయకుడిని విడిగా, వెనక ఏమీ లేకుండా కావాలంటే మామూలు హెచ్.264 ఎంపీ4లో ఆల్ఫా రాదు. ఆల్ఫాని పట్టుకోగల ప్రోరెస్ 4444 అనే వీడియో రకం ఎంచుకుని, ఛానెల్స్ దగ్గర ఆర్‌జీబీ ప్లస్ ఆల్ఫా పెట్టు, కలర్ దగ్గర స్ట్రెయిట్. ఆర్టిస్టు కొత్త ఫైల్ రాగానే ముందు ఎరుపు లేయర్ మీద, తర్వాత తెలుపు మీద పెట్టి చూసుకుని అప్పుడు పాతదాని స్థానంలో మార్చు. ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో పాత ప్రీమల్టిప్లైడ్ అలాగే ఉండిపోతుంది, దాన్ని స్ట్రెయిట్‌కి మార్చడం మర్చిపోకు.